పార్టీని దాటిపోయిన పేరు: ఎస్టోనియా నేత తోమస్ హెండ్రిక్ ఇల్వెస్

బాల్టిక్ సముద్ర తీరంలోని చిన్న దేశం ఎస్టోనియాలో 2002 అక్టోబర్‌లో స్థానిక ఎన్నికలు జరిగాయి. తోమస్ హెండ్రిక్ ఇల్వెస్ నాయకత్వంలోని మోడరేట్స్ పార్టీకి దేశం మొత్తం మీద వచ్చినవి 4.4 శాతం ఓట్లు. ఆయన పార్టీ అధ్యక్ష పదవి వదిలేశారు. 2004 ఫిబ్రవరిలో ఆ పార్టీ పేరు మార్చుకుని సోషల్ డెమోక్రటిక్ పార్టీ అయింది. అదే ఏడాది జూన్‌లో ఎస్టోనియా మొదటిసారి యూరోపియన్ పార్లమెంటుకు సభ్యులను ఎన్నుకుంది. ఆ ఎన్నికల్లో ఈ పార్టీకి 36.8 శాతం ఓట్లు వచ్చాయి. దేశానికి ఉన్న ఆరు సీట్లలో మూడు దానివే. ఇల్వెస్ ఒక్కరికే 76,120 ఓట్లు పడ్డాయి. ఆ రోజు పోలైన మొత్తం ఓట్లలో ఇది దాదాపు మూడింట ఒక వంతు.

రెండేళ్లు తిరగకుండానే ఇంత మార్పు ఎలా వచ్చింది? పేరు మార్చుకున్నందువల్ల వచ్చిందనుకోలేం. 2007లో దేశ పార్లమెంటు రీగికోగుకు ఎన్నికలు జరిగినప్పుడు ఇదే సోషల్ డెమోక్రటిక్ పార్టీ 101 సీట్లలో 10 మాత్రమే గెలిచింది. అప్పటికి ఇల్వెస్ దేశాధ్యక్షుడు, పార్టీ ప్రచారంలో లేరు. 2004లో పోలింగ్ 27 శాతం కూడా దాటలేదు. ఓటు వేయడానికి వచ్చినవాళ్లు యూరప్ వ్యవహారాల మీద పట్టింపు ఉన్నవాళ్లు. వాళ్లు ఎంచుకున్నది మనిషిని, పార్టీని కాదు. ఇల్వెస్ రాజకీయ జీవితమంతా ఈ తేడా మీదే నడిచింది. ఇరవై ఏళ్లుగా ప్రపంచం గుర్తుపట్టే ఎస్టోనియా నాయకుల్లో ఆయన పేరు ముందు వరుసలో ఉంటుంది. అయితే ఆ గుర్తింపు డిజిటల్ ప్రభుత్వం వల్ల, రష్యా గురించి చేసిన హెచ్చరికల వల్ల వచ్చింది. మెడకు ఎప్పుడూ ఉండే బో టై కూడా ఫొటోల్లో ఆయన్ని వెంటనే పట్టిచ్చేది. సోషల్ డెమోక్రాట్‌గా ఆయన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు మాత్రం తక్కువ. దీనికి కారణం కొంత ఆయన స్వభావంలో ఉంది. అంతకంటే ఎక్కువగా ఎస్టోనియా చరిత్రలో ఉంది.

సోషల్ డెమోక్రసీ, అంటే ఎన్నికల దారిలోనే ఉండి ప్రభుత్వం ద్వారా సమానత్వం పెంచాలన్న రాజకీయ ధోరణి, ఆ దేశంలో కొత్తగా వచ్చి చేరినది కాదు. 1919లో ఎన్నికైన రాజ్యాంగ సభలో 120 స్థానాలకు 41 గెలుచుకుని అతిపెద్ద పక్షంగా నిలిచింది సోషల్ డెమోక్రాట్లే. బాల్టిక్ జర్మన్ జమీందార్ల ఎస్టేట్లను స్వాధీనం చేసుకుని రైతులకు పంచిన భూసంస్కరణ చట్టాన్ని చేసింది ఆ సభే. సభాధ్యక్షుడు ఆగస్ట్ రెయ్ కూడా సోషల్ డెమోక్రాటే, తర్వాత 1928-29లో దేశాధినేతగా పనిచేశారు. 1940లో సోవియట్ యూనియన్ దేశాన్ని ఆక్రమించుకున్నాక ఆయన స్వీడన్ చేరి, ప్రవాసంలోనే 1963లో చనిపోయారు. ఎస్టోనియాలో యాభై ఏళ్ల పాటు సోషలిజం పేరు మీద నడిచింది సైబీరియాకు తరలింపులు, సామూహిక వ్యవసాయం, సెన్సార్‌షిప్. 1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చేసరికి లెఫ్ట్ అన్న మాటకు జనంలో మిగిలిన అర్థం ఆక్రమణ. కార్మికుల హక్కులు, పెన్షన్ల గురించి మాట్లాడే పార్టీ కూడా ముందు తాను కమ్యూనిస్టు కాదని నిరూపించుకోవాల్సిన పరిస్థితి.

మోడరేట్స్ అనే పేరు ఆ పరిస్థితిలోనే పుట్టింది. మార్యు లౌరిస్టిన్ నాయకత్వంలోని సోషల్ డెమోక్రాట్లు, రూరల్ సెంటర్ పార్టీ 1992 ఎన్నికలకు ఆ పేరుతో కూటమి కట్టాయి. లౌరిస్టిన్ కథ మరో వ్యాసానికి సరిపోతుంది. ఆమె తండ్రి 1940లో ఏర్పడిన సోవియట్ ఎస్టోనియా ప్రభుత్వానికి అధిపతి. ఆమె 1988లో స్వాతంత్ర్య ఉద్యమానికి ఊపిరైన పాపులర్ ఫ్రంట్ వ్యవస్థాపకుల్లో ఒకరు. 1992 నుంచి 1994 వరకు ప్రధాని మార్ట్ లార్ ప్రభుత్వంలో సాంఘిక వ్యవహారాల మంత్రి. ఆ ప్రభుత్వం యూరప్‌లో పచ్చి మార్కెట్ ప్రభుత్వాల్లో ఒకటి. ధనికుడికీ పేదవాడికీ ఒకే రేటులో 26 శాతం ఆదాయపు పన్ను 1994లో తెచ్చింది అదే. అంటే ఎస్టోనియాలో సోషల్ డెమోక్రాట్లు ఫ్లాట్ ట్యాక్స్ తెచ్చిన మంత్రివర్గంలో కూర్చున్నారు. స్వీడన్‌లోనో జర్మనీలోనో వాళ్ల సోదర పార్టీలకు ఇది ఊహకు అందదు. ఎస్టోనియాలో అప్పటి ప్రాధాన్యం వేరు. రష్యన్ సైన్యాన్ని పంపించాలి, రూబుల్ స్థానంలో వచ్చిన కొత్త కరెన్సీని నిలబెట్టాలి, పశ్చిమం వైపు తిరగాలి. ఆ మూడు పనుల్లో మార్ట్ లార్‌కీ లౌరిస్టిన్‌కీ తేడా లేదు.

ఇల్వెస్ ఈ సంప్రదాయంలో పెరిగినవాడు కూడా కాదు. 1944లో సోవియట్ సైన్యం తిరిగి వస్తుంటే వేలాది ఎస్టోనియన్లు పడవల్లో స్వీడన్‌కు పారిపోయారు. అలాంటి శరణార్థి కుటుంబంలో 1953 డిసెంబర్ 26న స్టాక్‌హోమ్‌లో ఆయన పుట్టారు. పెరిగింది అమెరికాలోని న్యూజెర్సీలో, లియోనియా అనే ఊళ్లో. అక్కడి హైస్కూల్లో ఒక గణితం టీచర్ ప్రయోగంగా నడిపిన క్లాసులో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో, తర్వాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సైకాలజీ చదివారు. 1984లో జర్మనీలోని మ్యూనిక్‌లో, కమ్యూనిస్టు దేశాల జనం కోసం అమెరికా డబ్బుతో నడిచే రేడియో ఫ్రీ యూరప్‌లో చేరారు. మొదట విశ్లేషకుడు. 1988 నుంచి 1993 వరకు ఎస్టోనియన్ విభాగానికి అధిపతి. 1988 చివర్లో సోవియట్ ప్రభుత్వం ఆ రేడియోను జామ్ చేయడం ఆపేసింది. దాంతో రాజధాని టాలిన్‌లో, టార్టు నగరంలో ఇళ్లలో ఆ ప్రసారాలు స్పష్టంగా వినిపించడం మొదలైంది. అంటే స్వాతంత్ర్య ఉద్యమం ఉధృతంగా ఉన్న మూడేళ్లలో బయటి ప్రపంచం వార్త జనానికి చేర్చిన విభాగం ఆయన చేతిలో ఉంది.

ఈ నేపథ్యం ఆయన బలం, బలహీనత రెండూ. ఇంగ్లిష్ మాట్లాడేది అమెరికన్ యాసలో. వాషింగ్టన్ జర్నలిస్టుకూ సెనేటర్‌కూ ఏ వాదన ఎక్కుతుందో ఆయనకు తెలుసు. మరోవైపు సోవియట్ కాలాన్ని లోపల ఉండి అనుభవించలేదు. రేషన్ క్యూలు, కామ్సొమోల్ అనే కమ్యూనిస్టు యువజన సంఘం సమావేశాలు, పక్కింటి రష్యన్ కుటుంబంతో రోజువారీ సర్దుబాట్లు ఆయన జ్ఞాపకాల్లో లేవు. పల్లెటూళ్లలో, పాత తరంలో చాలామంది ఆయన్ని బయటివాడిగానే చూశారు. 2006 అధ్యక్ష ఎన్నికలో ఇదే పెద్ద విషయమైంది.

1993లో అధ్యక్షుడు లెన్నార్ట్ మెరి కాలంలో ఇల్వెస్ అమెరికాకు ఎస్టోనియా రాయబారిగా వెళ్లారు. అందుకోసం అమెరికా పౌరసత్వం వదులుకున్నారు. అప్పటికి రష్యన్ సైన్యం ఇంకా ఎస్టోనియాలోనే ఉంది. 1994 ఆగస్టు 31న గానీ వెళ్లలేదు. కొత్త దేశం రాయబారికి ఆ రోజుల్లో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఆ ఉపసంహరణ విషయం అమెరికా మర్చిపోకుండా చూడటం.

ఆయన పేరుతో ఎక్కువగా ముడిపడిన ఆలోచన కూడా ఈ కాలంలోనిదే. అమెరికాలో అప్పట్లో బాగా చర్చకు వచ్చిన ఒక పుస్తకం యంత్రాలు మనుషుల ఉద్యోగాలు మింగేస్తాయని భయపెట్టింది. వేలమంది చేసే పనిని కొద్దిమంది చేసే ఉక్కు కర్మాగారం అందులో ఒక ఉదాహరణ. ఇల్వెస్ దాన్ని తలకిందులుగా చదివారు. పెద్ద దేశానికి అది నష్టం కావచ్చు, మనుషులే తక్కువ ఉన్న దేశానికి అది వరం కదా అన్నది ఆయన వాదన. ఎస్టోనియా జనాభా ఇప్పటికీ 13 లక్షల పైచిలుకే. హైదరాబాద్‌లో ఒక మూలకు సరిపోయే జనం. అంత తక్కువమందితో ప్రతి శాఖనూ, ప్రతి జిల్లా ఆఫీసునూ పెద్ద దేశంలాగా నడపడం కుదరదు. ఇల్వెస్, విద్యామంత్రి యాక్ ఆవిక్సూ కలిసి రూపుదిద్దిన టైగర్ లీప్ పథకాన్ని మెరి 1996 ఫిబ్రవరిలో టీవీలో ప్రకటించారు. ప్రతి బడికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్, టీచర్లకు శిక్షణ. దశాబ్దం ముగిసేసరికి దేశంలో దాదాపు అన్ని బడులూ ఆన్‌లైన్‌లోకి వచ్చాయి.

ఇల్వెస్ సోషల్ డెమోక్రాట్ అన్న మాటకు ఆయన చేసినవాటిలో అత్యంత బలమైన ఆధారం ఈ పథకమే అనిపిస్తుంది. ఆయన అప్పటికి ఆ పార్టీలో లేరు, అయినా సరే. రాజధానిలో డబ్బున్నవాళ్ల పిల్లలకు కంప్యూటర్ ఎలాగూ దొరికేది. వోరు జిల్లా పల్లెలోనో హియుమా ద్వీపంలోనో ఉన్న పిల్లకు దొరకాలంటే ప్రభుత్వమే పూనుకోవాలి. ప్రజాధనంతో, అందరికీ ఒకేసారి, డబ్బుతో ప్రమేయం లేకుండా ఇవ్వడం సోషల్ డెమోక్రసీ మూల సూత్రం. దాన్ని ఆయన ఎప్పుడూ ఆ భాషలో చెప్పలేదు. జాతి మనుగడ భాషలో, చిన్న దేశం పోటీలో నిలవాలన్న భాషలో చెప్పారు. అప్పటి ఎస్టోనియాలో ఆ భాషే చెల్లేది.

1996 చివర్లో ఇల్వెస్ విదేశాంగ మంత్రి అయ్యారు. మరుసటి ఏడాది జులైలో యూరోపియన్ కమిషన్, డిసెంబర్‌లో లక్సెంబర్గ్ శిఖరాగ్ర సమావేశం యూరోపియన్ యూనియన్ విస్తరణ మొదటి వరుసకు ఆరు దేశాలను ఎంచుకున్నాయి. పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్, స్లోవేనియా, సైప్రస్‌లతో పాటు బాల్టిక్ దేశాల్లో ఒక్క ఎస్టోనియాకే ఆ చోటు దక్కింది. లాత్వియా, లిథువేనియా మరో రెండేళ్లు ఆగాల్సి వచ్చింది. ఇల్వెస్ దౌత్యంలో ఇది అతిపెద్ద విజయం. ఎస్టోనియాను సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన దేశంగా కాకుండా, ఫిన్లాండ్, స్వీడన్ల పక్కన నార్డిక్ దేశంగా చూడాలని ఆయన 1990ల చివర్లో పదేపదే వాదించారు. లాత్వియా, లిథువేనియాలకు అది నచ్చలేదు. ఎస్టోనియాలో మాత్రం ఒక తరం యువత తమ దేశాన్ని చూసుకునే తీరును ఆ వాదన మార్చింది.

పార్టీ విషయానికి వస్తే ఆయన ప్రయాణం తిన్నగా సాగలేదు. 1998లో చిన్న రైతు పార్టీలో చేరి మంత్రి పదవి వదిలారు. ఆ పార్టీ పీపుల్స్ పార్టీగా మారింది. 1999 ఎన్నికల్లో మోడరేట్స్‌తో కలిసి పోటీ చేసి, తర్వాత అందులో విలీనమైంది. ఆ ఎన్నికల్లో మోడరేట్స్‌కు 17 సీట్లు వచ్చాయి. మార్ట్ లార్ రెండో ప్రభుత్వంలో ఇల్వెస్ మళ్లీ విదేశాంగ మంత్రి అయ్యారు. కంపెనీలు తిరిగి పెట్టుబడి పెట్టే లాభాల మీద పన్ను ఉండదన్న విధానం 2000లో మొదలైంది ఆ ప్రభుత్వంలోనే. 2001లో ఇల్వెస్ మోడరేట్స్ అధ్యక్షుడయ్యారు. 2002 మొదట్లో ప్రభుత్వం కూలింది, అక్టోబర్‌లో పార్టీ ఓడింది. పార్టీ అధ్యక్షుడిగా ఆయన చేసిన పని గురించి చెప్పుకోవాల్సినది ఇంతే. ఊరూరా శాఖలు కట్టడం, కౌన్సిలర్లతో రాత్రులు కూర్చుని లెక్కలు తేల్చడం ఆయన వల్ల అయ్యే పనులు కావు.

ఎస్టోనియా అధ్యక్షుడిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. రీగికోగులో 101 మందిలో 68 ఓట్లు రావాలి. మూడు రౌండ్లలో ఎవరికీ రాకపోతే స్థానిక సంస్థల ప్రతినిధులు కూడా చేరిన ఎలక్టోరల్ కాలేజీకి విషయం వెళ్తుంది. 2006 ఆగస్టులో మొదటి రౌండ్‌లో మరో అభ్యర్థి ఎనె ఎర్గ్మాకు 65, తర్వాతి రెండు రౌండ్లలో ఇల్వెస్‌కు 64 చొప్పున వచ్చి ఆగిపోయాయి. ఎలక్టోరల్ కాలేజీలో పదవిలో ఉన్న అధ్యక్షుడు ఆర్నోల్డ్ ర్యూటెల్‌తో ముఖాముఖి. ర్యూటెల్ సోవియట్ ఎస్టోనియాలో సుప్రీం సోవియట్ అధ్యక్ష మండలికి నాయకుడు. స్వాతంత్ర్యం వైపు దేశాన్ని శాంతంగా నడిపినవారిలో ఒకరిగా పల్లెల్లో ఆయనకు గౌరవం ఉంది. సెంటర్ పార్టీ, పీపుల్స్ యూనియన్ ఆయన వెనుక నిలిచాయి. ఇల్వెస్ వెనుక సోషల్ డెమోక్రాట్లతో పాటు రిఫార్మ్ పార్టీ, ప్రో పాట్రియా-రెస్ పబ్లికా యూనియన్ ఉన్నాయి. అంటే సోషల్ డెమోక్రాట్ అభ్యర్థిని గెలిపించడానికి దేశంలోని రెండు పెద్ద రైటిస్టు పార్టీలు పనిచేశాయి. సెప్టెంబర్ 23న టాలిన్‌లోని ఎస్టోనియా కాన్సర్ట్ హాల్లో ఓటింగ్ జరిగింది. ఇల్వెస్‌కు 174, ర్యూటెల్‌కు 162. కావాల్సినదానికి ఒక్క ఓటు ఎక్కువ.

ఆ పోటీ ఆర్థిక విధానాల మీద జరగలేదు. నగరానికీ పల్లెకూ, ప్రవాసం నుంచి వచ్చినవాళ్లకూ సోవియట్ కాలాన్ని ఇక్కడే గడిపినవాళ్లకూ, యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్ వైపు చూసే తరానికీ పాత తరానికీ మధ్య జరిగింది. అలాంటి పోటీలో గెలిచిన అధ్యక్షుడు సోషల్ డెమోక్రాట్ అన్నది ఓటేసినవాళ్లలో ఎంతమందికి ముఖ్యమై ఉంటుంది? పైగా రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడి పార్టీ సభ్యత్వం పదవీకాలంలో ఆగిపోతుంది. 2006 అక్టోబర్ 9న పదవి చేపట్టిన నాటి నుంచి పదేళ్లు ఇల్వెస్ ఏ పార్టీవాడూ కాదు.

ఆరు నెలలు గడిచాయో లేదో 2007 ఏప్రిల్ వచ్చింది. టాలిన్ నడిబొడ్డున తోనిస్‌మ్యాగి దగ్గర సోవియట్ సైనికుడి కంచు విగ్రహం ఉండేది. రష్యన్ మాట్లాడేవాళ్లకు అది నాజీల మీద విజయానికి గుర్తు, ఎస్టోనియన్లలో చాలామందికి ఆక్రమణకు గుర్తు. దాన్ని అక్కడి నుంచి తీసేయాలని ఫిబ్రవరిలో రీగికోగు ప్రత్యేక చట్టం చేస్తే, అది రాజ్యాంగానికి విరుద్ధమని సంతకం పెట్టకుండా తిప్పి పంపింది ఇల్వెసే. ఈ సంగతి బయటి దేశాల్లో దాదాపు ఎవరికీ తెలియదు. ప్రధాని ఆండ్రుస్ అన్సిప్ ప్రభుత్వం యుద్ధ సమాధుల చట్టం ఆధారంగా ముందుకు వెళ్లి, ఏప్రిల్ చివర్లో విగ్రహాన్ని సైనిక శ్మశానానికి తరలించింది. రెండు రాత్రులు నగరంలో అల్లర్లు జరిగాయి, ఒకరు చనిపోయారు. వెంటనే ప్రభుత్వ వెబ్‌సైట్లు, బ్యాంకులు, పత్రికల మీద సైబర్ దాడులు మొదలై మూడు వారాల పాటు సాగాయి. ఒక దేశం మొత్తం మీద ఆ స్థాయిలో అలాంటి దాడి జరగడం అదే మొదటిసారి.

ఇల్వెస్ ప్రపంచానికి తెలిసింది అప్పుడే. నెట్‌వర్క్ భాషా, భద్రతా విధానం భాషా రెండూ మాట్లాడగల దేశాధినేత అప్పట్లో మరొకరు లేరు. సర్వర్లను ముంచెత్తే దాడి ఎలా పనిచేస్తుందో, దాన్ని యుద్ధ చర్యగా చూడాలా నేరంగా చూడాలా అన్న ప్రశ్న ఎందుకు తేలదో న్యూయార్క్‌లోనూ మ్యూనిక్‌లోనూ ఆయన వివరించారు. 2008లో నాటో సైబర్ రక్షణ కేంద్రం టాలిన్‌లో ఏర్పడింది. దాని కోసం ఎస్టోనియా అధికారులు దాడికి ముందు నుంచే పనిచేస్తున్నారు. దాడి ఆ ప్రతిపాదనకు బలం ఇచ్చింది, ఇల్వెస్ దానికి గొంతు ఇచ్చారు.

2008లోనే మరో రెండు ఘటనలు. జూన్‌లో రష్యాలోని ఖాంతీ-మాన్సిస్క్‌లో ఎస్టోనియన్‌కు బంధువులైన భాషలు మాట్లాడే ఫిన్నో-ఉగ్రిక్ జాతుల మహాసభ జరిగింది. అక్కడ ఇల్వెస్ స్వేచ్ఛ గురించి మాట్లాడితే, రష్యన్ పార్లమెంటు సభ్యుడు కాన్‌స్తాంతిన్ కొసచేవ్ వేదిక మీదే విమర్శించారు. ఎస్టోనియా బృందం సభ నుంచి లేచి వచ్చేసింది. ఆగస్టులో జార్జియా మీద రష్యా యుద్ధానికి దిగినప్పుడు పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్ అధ్యక్షులతోనూ లాత్వియా ప్రధానితోనూ కలిసి ఇల్వెస్ తిబిలిసి వెళ్లి నిలబడ్డారు. పశ్చిమ యూరప్ రాజధానుల్లో అప్పుడు దీన్ని అతిగా చూసినవాళ్లు ఉన్నారు. 2014లో క్రిమియాను రష్యా కలుపుకున్న తర్వాత, 2022లో ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడి తర్వాత ఆ మాట అనేవాళ్లు తగ్గిపోయారు.

ఇక అసలు చిక్కు ఆర్థిక సంక్షోభంలో బయటపడింది. 2009లో ఎస్టోనియా ఆర్థిక వ్యవస్థ దాదాపు 14 శాతం కుంచించుకుపోయింది. 2010 మొదట్లో నిరుద్యోగం 20 శాతానికి చేరువైంది. దేశ కరెన్సీ క్రూన్ విలువ యూరోకు కట్టేసి ఉంది. ఇళ్ల లోన్లలో ఎక్కువ భాగం యూరోల్లోనే ఉండటం వల్ల విలువ తగ్గిస్తే లక్షల కుటుంబాలు అప్పుల్లో మునిగేవి. అన్సిప్ ప్రభుత్వం మరో దారి పట్టింది. జీతాలు, ఖర్చులు కోసింది, విలువ ఆధారిత పన్నును 18 నుంచి 20 శాతానికి పెంచింది. ఉద్యోగులను తీసేయడం సులువు చేసే కొత్త కార్మిక చట్టం తెచ్చింది. నిరుద్యోగ భృతి పెంపు మీద వచ్చిన గొడవలో 2009 మే నెలలో అన్సిప్ సోషల్ డెమోక్రాట్ మంత్రులను మంత్రివర్గం నుంచి తీసేశారు. ఆర్థిక మంత్రి ఇవారి పాదర్ కూడా వాళ్లలో ఉన్నారు. 2011 జనవరి 1న ఎస్టోనియా యూరోలో చేరింది.

2012 జూన్‌లో నోబెల్ గ్రహీత, అమెరికన్ ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ తన బ్లాగులో ఒక చిన్న గ్రాఫ్ పెట్టారు. పొదుపు విధానాలకు ఎస్టోనియాను ఆదర్శంగా చూపిస్తున్నారు గానీ, అది 2007 స్థాయిని ఇంకా అందుకోలేదని దాని సారాంశం. ఇల్వెస్ ట్విటర్‌లో వరసగా ఘాటైన జవాబులిచ్చారు. తమ దేశం గురించి ఏమీ తెలియకుండా పైనుంచి పాఠాలు చెబుతున్నారన్న కోపం అందులో నిండిపోయింది. ఆ గొడవ గురించి ప్రపంచంలో చాలా పత్రికలు రాశాయి. మరుసటి ఏడాది దాని మీద టాలిన్‌లో ఒక చిన్న ఒపేరా కూడా ప్రదర్శించారు.

ఈ ఘటనను చాలామంది వినోదంగానే గుర్తుపెట్టుకున్నారు. దాన్ని కొంచెం ఆగి చూడాలి. మాంద్యంలో ప్రభుత్వం ఖర్చు పెంచాలి, నిరుద్యోగిని ఆదుకోవాలి అన్నది క్రుగ్‌మన్ వాదన. ఏ దేశంలోనైనా సోషల్ డెమోక్రాట్లు సాధారణంగా చెప్పేది అదే. ఎస్టోనియాలోనూ మూడేళ్ల ముందు సోషల్ డెమోక్రాట్ మంత్రులు పదవులు పోగొట్టుకున్నది ఆ రకమైన వాదన మీదే. వాళ్ల నుంచి వచ్చిన అధ్యక్షుడు ప్రపంచం ముందు నిలబడి సమర్థించింది వాళ్లను బయటకు పంపిన ప్రభుత్వం విధానాన్ని. ఇల్వెస్ వైపు న్యాయం లేకపోలేదు. విలువ తగ్గించకపోవడానికి బలమైన కారణాలున్నాయి. 2011లో వృద్ధి 7 శాతం దాటింది. దేశం మొత్తం భరించిన కష్టాన్ని ఒక గ్రాఫ్‌తో కొట్టేసినట్టు ఎస్టోనియన్లకు అనిపించింది, అధ్యక్షుడు వాళ్ల ఆత్మగౌరవం తరఫున మాట్లాడారు. కానీ ఆ కష్టం అందరి మీదా సమానంగా పడలేదు. నిర్మాణ రంగంలో పనిపోయి ఫిన్లాండ్ ఓడ ఎక్కిన కూలీల గురించి, అప్పట్లో యూరోపియన్ యూనియన్‌లోనే అత్యధికంగా ఉన్న ఆడ, మగ జీతాల తేడా గురించి అంత తీవ్రతతో ఆయన ప్రపంచానికి చెప్పిన సందర్భం కనిపించదు. దేశం గౌరవం, దేశంలోని పేదవాడి గౌరవం రెండూ ఎదురుపడిన చోట ఆయన మొదటిదాన్ని ఎంచుకున్నారు. ఆయన రాజకీయాల్లో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే.

2011 ఆగస్టులో ఆయన రెండోసారి ఎన్నికయ్యారు. రీగికోగులో మొదటి రౌండ్‌లోనే 73 ఓట్లు వచ్చాయి. ప్రత్యర్థి ఇందరెక్ తారాండ్‌కు 25. స్వాతంత్ర్యం తిరిగి వచ్చాక మొదటి రౌండ్‌లోనే అధ్యక్షుడు తేలడం అదే మొదటిసారి.

రెండో పదవీకాలంలో ఇంట్లో చేసిన మంచి పని ఒకటుంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. 2012లో రిఫార్మ్ పార్టీ మాజీ ఎంపీ సిల్వర్ మెయికర్, పార్టీ ఇచ్చిన డబ్బును తన విరాళంగా చూపించి తిరిగి పార్టీకే జమ చేశానని బహిరంగంగా ఒప్పుకున్నారు. జనంలో కోపం పెరిగింది. నవంబర్‌లో మేధావులు, పౌరులు చార్టర్ 12 పేరుతో ఒక ప్రకటన విడుదల చేశారు. ఇల్వెస్ పార్టీలవాళ్లనూ పౌర సంఘాలవాళ్లనూ కద్రియోర్గ్‌లోని అధ్యక్ష భవనం దగ్గర ఒక దగ్గర కూర్చోబెట్టారు. దాని నుంచి పీపుల్స్ అసెంబ్లీ పుట్టింది. 2013లో జనం ఇంటర్నెట్ ద్వారా ప్రతిపాదనలు పంపారు, ఎంపిక చేసినవాటిని పౌరులు ఒకచోట చేరి చర్చించారు, తర్వాత అవి పార్లమెంటుకు వెళ్లాయి. కొత్త పార్టీ నమోదుకు కావాల్సిన సభ్యుల సంఖ్య 1,000 నుంచి 500కు తగ్గింది. 1,000 మంది సంతకాలు చేస్తే ఆ విన్నపాన్ని రీగికోగు తప్పనిసరిగా పరిశీలించాలన్న చట్టం 2014లో అమల్లోకి వచ్చింది. అధికారాలు పెద్దగా లేని అధ్యక్షుడు పిలుపు, పరపతి మాత్రమే వాడి ఇంత చేయించడం చిన్న విషయం కాదు.

బయట మాత్రం ఆయన పేరు డిజిటల్ ఎస్టోనియాతో ఒకటైపోయింది. 2014 సెప్టెంబర్‌లో టాలిన్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఒబామా, తమ ఆరోగ్య బీమా వెబ్‌సైట్ కట్టేటప్పుడు ఎస్టోనియన్లను పిలవాల్సిందని ఇల్వెస్ పక్కన నిలబడి అన్నారు. అదే ఏడాది డిసెంబర్ 1న ఏ దేశంవాడైనా ఎస్టోనియా డిజిటల్ గుర్తింపు తీసుకుని అక్కడ కంపెనీ పెట్టుకోగల ఈ-రెసిడెన్సీ మొదలైంది. మొదటి కార్డును బ్రిటిష్ జర్నలిస్ట్ ఎడ్వర్డ్ లూకాస్‌కు ఇల్వెస్ స్వయంగా అందించారు. భారతీయ ఐటీ వృత్తిదారులకు ఎస్టోనియా పేరు పరిచయమైంది ఎక్కువగా ఈ కార్డు వల్లే.

ఇందులో ఆయన వాటా ఎంత? ప్రభుత్వ డేటాబేస్‌లను కలిపే ఎక్స్-రోడ్ 2001లో, గుర్తింపు కార్డు 2002లో వచ్చాయి. 2005 స్థానిక ఎన్నికల్లో, 2007 పార్లమెంటు ఎన్నికల్లో ఇంటర్నెట్ ఓటింగ్ జరిగింది. వాటిని డిజైన్ చేసినవాళ్లు ఇంజినీర్లు, వాటికి డబ్బు, చట్టాలు ఇచ్చింది వరసగా వచ్చిన ప్రభుత్వాలు. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం ఇల్వెస్ విదేశాంగ మంత్రిగానో ఎంపీగానో ఉన్నారు. ఆయన ఆ వ్యవస్థను కట్టలేదు. బడుల దగ్గర విత్తనం వేసినవారిలో ఒకరు, చెట్టు ఎదిగాక దాని గురించి లోకానికి అందరికన్నా బాగా చెప్పినవారు. విదేశీ పత్రికలు ఆయన్నే నిర్మాతగా రాయడం ఆ ఇంజినీర్లకు అన్యాయం. అయితే చెప్పడాన్ని తక్కువ చేయడమూ తప్పే. బయటి దేశాల నమ్మకం, పెట్టుబడి, నాటో కేంద్రం ఇవన్నీ కొంతవరకు ఆ చెప్పడం వల్లే వచ్చాయి.

ఆ వ్యవస్థ ఎందుకు నిలబడిందో చెప్పేటప్పుడు ఆయన వాదన స్పష్టంగా ఉండేది. టెక్నాలజీ కన్నా చట్టం ముందు. పౌరుడి సమాచారం పౌరుడిదే, ప్రభుత్వంలో ఎవరు చూశారో ఆ పౌరుడికి తెలియాలి. గుర్తింపు అందరికీ తప్పనిసరి కాబట్టే బ్యాంకులూ ఆస్పత్రులూ దాని చుట్టూ సేవలు కట్టాయి. కొద్దిమంది స్వచ్ఛందంగా తీసుకునే కార్డుతో ఇది జరగదు. మార్కెట్‌కు వదిలేస్తే రాని పునాదిని ప్రభుత్వం వేయాలన్న ఈ మాటలో ఆయన పార్టీ మళ్లీ కనిపిస్తుంది.

కనిపించని చోటు రష్యన్ మాట్లాడే ఎస్టోనియన్ల విషయం. జనాభాలో వాళ్లు దాదాపు నాలుగో వంతు. నార్వా, కోహ్ట్లా-యార్వే లాంటి ఈశాన్య పట్టణాల్లో గనులు, ఫ్యాక్టరీలు మూతపడ్డాక అత్యధిక నిరుద్యోగం చూసింది వాళ్లే. ఏ దేశంలోనైనా సోషల్ డెమోక్రటిక్ పార్టీకి సహజమైన ఓటర్లు అలాంటి పారిశ్రామిక కార్మికులు. ఎస్టోనియాలో వాళ్ల ఓట్లు దశాబ్దాలుగా ఎడ్గార్ సావిసార్ సెంటర్ పార్టీకి వెళ్లాయి. ఇల్వెస్ రష్యన్ మాట్లాడరు. 2008లో బీబీసీ దీని గురించి అడిగితే, అలా మాట్లాడటం యాభై ఏళ్ల సోవియట్ అణచివేతను ఒప్పుకోవడమే అవుతుందన్న అర్థంలో జవాబిచ్చారు. శరణార్థి కుటుంబం కొడుకుగా ఆ బాధ అర్థం చేసుకోదగినదే. దేశంలో పుట్టి పెరిగి, ఆక్రమణతో ఏ సంబంధమూ లేని నార్వా యువకుడికి తన అధ్యక్షుడి నోటి నుంచి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో కూడా ఆలోచించాల్సిందే.

2016 అక్టోబర్‌లో పదవీకాలం ముగిసి కెర్స్తి కల్యులైద్ అధ్యక్షురాలయ్యాక ఇల్వెస్ పార్టీ రాజకీయాలకు తిరిగి రాలేదు. స్టాన్‌ఫర్డ్‌లో కొంతకాలం ఉన్నారు, టార్టు విశ్వవిద్యాలయంలో బోధించారు. డిజిటల్ పాలన, ఉక్రెయిన్‌కు సాయం గురించి మాట్లాడుతూనే ఉన్నారు. పార్టీ తన దారి తాను వెతుక్కుంది. 2011లో 19 సీట్లు, 2015లో 15, 2019లో 10, 2023లో 14. 2004 నాటి 36.8 శాతం మళ్లీ దగ్గరికి కూడా రాలేదు. ఇల్వెస్ చేరలేకపోయిన ఓటర్ల దగ్గరికి వెళ్లే పని తర్వాతి తరం చేసింది. కోహ్ట్లా-యార్వేలో రష్యన్ మాట్లాడే కుటుంబంలో పుట్టిన యెవ్గేని ఒసినోవ్‌స్కి 2015లో పార్టీ అధ్యక్షుడై మూడేళ్లు నడిపారు. 2024 ఏప్రిల్‌లో, ఏళ్ల తరబడి సెంటర్ పార్టీ చేతిలో ఉన్న టాలిన్ నగరానికి సోషల్ డెమోక్రాట్ మేయర్ అయ్యారు. రెండు భాషల్లోనూ ఓటర్లతో నేరుగా మాట్లాడగలగడం ఆయనకు ఉన్న పెద్ద బలం.